పార్టీ లేకుండా కార్పొరేటర్‌గా నిలబడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పార్టీ అండ లేకుండా, ‘లంచాల్లేని డివిజన్’ అనే మాట మీద హైదరాబాద్‌లో కార్పొరేటర్‌గా పోటీ చేయాలనుకుంటున్నారు. కరపత్రం ముందా, కాలనీ మీటింగులు ముందా అని అడిగారు. రెండూ తర్వాతేనండి. డివిజన్ ఎన్నికల్లో పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను, ముందు ఓట్ల లెక్క తెలియాలి.

2020 డిసెంబర్ ఎన్నికల్లో జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ)లో 150 డివిజన్లు, అంటే వార్డులు, దాదాపు 74.67 లక్షల ఓటర్లు, 9,101 పోలింగ్ కేంద్రాలు. సగటున ఒక్కో డివిజన్‌కు 50 వేల ఓట్లు, 60 కేంద్రాలు. పోలింగ్ 46.55 శాతమే కాబట్టి పడేది 23 వేలు. ముగ్గురు గట్టివాళ్లుంటే తొమ్మిది పది వేలతో గెలవొచ్చు. అయినా ఆ ఎన్నికల్లో స్వతంత్రులు ఒక్కరూ గెలవలేదు. నా లెక్కలో పెద్ద కారణం క్యాలెండర్. నామినేషన్లు నవంబర్ 18 నుంచి 20 వరకు, ఉపసంహరణ 22న, పోలింగ్ డిసెంబర్ 1న. స్వతంత్రుల ఎన్నికల గుర్తు ఉపసంహరణ అయ్యాకే తేలుతుంది. దాన్ని జనానికి చేర్చడానికి మిగిలేది వారం. అందుకే మీ పేరు, ముఖం ఏడాది ముందే గల్లీగల్లీకి తెలిసుండాలి. కరపత్రం డిజైన్ మొత్తం పూర్తి చేసి గుర్తు జాగా మాత్రం ఖాళీ ఉంచండి, గుర్తు వచ్చిన రాత్రే ప్రెస్‌కు వెళ్లాలి.

చుట్టుపక్కల మున్సిపాలిటీల విలీనం తర్వాత వార్డుల గీతలు మారాయి, పాత మ్యాపు నమ్మకండి. వార్డు ఓటర్ల జాబితాను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచి విడగొడతారు. అక్కడే ఒక అపార్ట్‌మెంట్‌లో సగం ఓట్లు పక్క వార్డులో పడుతుంటాయి. ముసాయిదా జాబితా రాగానే బూత్‌వారీ ప్రింట్ తీసుకుని, ఇంటి నంబర్ల వరుసలో తిరిగి సరిచూసి, గడువులోపు అభ్యంతరాలు ఇవ్వండి. రిజర్వేషన్లు నోటిఫికేషన్ దగ్గరపడ్డాకే తేలొచ్చు. సగం సీట్లు మహిళలవి. కాబట్టి మీ బృందంలో పోటీకి సిద్ధంగా ఒక మహిళ కూడా మొదటి నుంచీ జనంలో కనిపించాలి.

ఇక అజెండా. చాలామంది ఇక్కడే పొరపడతారు. మంచినీళ్లు, డ్రైనేజీ జలమండలివి. కరెంటు విద్యుత్ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌ది. ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లో వస్తాయి, వాటిపై కార్పొరేటర్ సంతకం అక్కర్లేదు. ‘అన్నీ బాగుచేస్తా’ అంటే రెండో మీటింగులోనే ఎవరో ఒకరు నిలదీస్తారు. మీ చేతిలో ఉన్నవే చెప్పండి: వరద నాలాల పూడిక, రోడ్ల పనుల నాణ్యత, వీధి దీపాలు, చెత్త, పార్కులు, కౌన్సిల్‌లో ప్రశ్నలు. స్లాబ్ వేసే ఇంటి దగ్గరికి డబ్బులడగడానికి నా మనుషులెవరూ రారు అని రాసివ్వండి. బస్తీల్లో జనం నిజంగా వినాలనుకునేది ఆ మాట.

రుజువుల కోసం ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘అవినీతి వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. గత రెండేళ్లలో డివిజన్‌లో జరిగిన సీసీ రోడ్డు, నాలా పనుల జాబితా అడగండి. ఒక్కో పనికి అంచనా మొత్తం, వర్క్ ఆర్డర్ తేదీ, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, కాంట్రాక్టర్ ఎన్నాళ్లు మరమ్మతు బాధ్యత మోయాలో విడివిడిగా రాయండి. ఆ చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా మీకున్నాయి. ఎం-బుక్‌లో రాసిన పొడవు, మందం పట్టుకుని టేపుతో రోడ్డు కొలవండి. బాధ్యత గడువులోనే గుంతలు పడిన రోడ్డు దొరికితే, దాని ఫొటో, తేదీ, కాంట్రాక్టర్ చేయాల్సిన మరమ్మతు, ఈ మూడూ ఒకే పేజీలో పెట్టి ఆ గల్లీలోనే పంచండి. పది హామీల కన్నా అది బలంగా పనిచేస్తుంది.

నామినేషన్‌కు ఆ వార్డు ఓటరు ప్రతిపాదించాలి. మీరు కార్పొరేషన్‌లో ఎక్కడ ఓటరైనా చాలు, వయసు 21 నిండాలి. 2020లో డిపాజిట్ 5,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500, ఖర్చు పరిమితి 5 లక్షలు. ఈసారి అంకెలు, అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, వర్తించకపోతే ‘లేదు’ అని రాయండి. ఆస్తిపన్ను బకాయిలు కట్టి రసీదులు ఫైల్లో పెట్టండి. ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందే తెరవండి.

ఆ 60 కేంద్రాలకు 60 మంది పోలింగ్ ఏజెంట్లు, భోజనం వేళకు మార్చడానికి మరికొందరు కావాలి. డబ్బు తక్కువైతే ఫ్లెక్సీలు తగ్గించండి, ఏజెంట్లను కాదు. ఫలితం ఏదైనా 45 రోజుల్లో ఖర్చుల లెక్క బిల్లులతో సహా ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత పడుతుంది. బిల్లులు మొదటి రోజు నుంచే ఒకరికి అప్పగించండి.