టెక్ సందేహాలు: ఒక సైట్‌లో 142, ఇంకో సైట్‌లో 108... ఏది నమ్మాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఫోన్‌లో ఒక ఐక్యూ టెస్ట్ రాస్తే 142 వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. వాళ్ల నాన్నగారు ఇంకో సైట్‌లో రాయిస్తే 108 వచ్చింది. అప్పటి నుంచి వాడు ముభావంగా ఉంటున్నాడు. వీటిలో ఏది నిజం? - ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: రెండూ నమ్మక్కర్లేదమ్మా. ముందు ఈ మాట వాడికి చెప్పి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

థర్మామీటర్ పెట్టి జ్వరం చూసినట్టు ఐక్యూ చూడటం కుదరదు. అది ఎంసెట్ ర్యాంకు లాంటిది. నలుగురితో పోలిస్తేనే దానికి అర్థం. అసలైన పరీక్ష తయారు చేసేవాళ్లు ముందుగా వయసుల వారీగా చాలామందిని ఎంచుకుని, అందరికీ ఒకే పద్ధతిలో పరీక్ష పెడతారు. ఆ వయసు వాళ్ల సగటును 100గా లెక్కిస్తారు. ఎక్కువ పరీక్షల్లో వందకు 68 మంది 85కీ 115కీ మధ్యలో ఉంటారు. 130 దాటేవాళ్లు వందలో ఇద్దరు. ఈ లెక్కన ఆ 108 నిజమే అనుకున్నా, దిగులు పడాల్సిన అంకె కాదు.

మరి ఈ సైట్లు మీ అబ్బాయిని ఎవరితో పోల్చాయి? కొన్ని సైట్లు వయసు కూడా అడగవు. అర్ధరాత్రి నిద్ర పట్టక రాసినవాళ్లు, బస్సులో కూర్చుని రాసినవాళ్లు, అదే టెస్ట్ మూడోసారి రాస్తున్నవాళ్లు, అందరూ ఒకే లెక్కలో కలిసిపోతారు. పద్నాలుగేళ్ల పిల్లాడిని పద్నాలుగేళ్ల పిల్లలతోనే పోల్చాలి కదా!

మీ ఉత్తరం చూశాక నేనూ ఒక సైట్ తెరిచాను. ప్రశ్నలు చదవకుండా, ముప్ఫైకి ముప్ఫై ప్రశ్నలకూ మొదటి ఆప్షనే నొక్కుతూ పోయాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 'మీరు సగటు కంటే తెలివైనవారు' అని పచ్చరంగులో మెరిసింది. అసలు అంకె చూడాలంటే డబ్బు కట్టమంది. ఆ మెరుపు చూసి పిల్లలు పొంగిపోతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

స్కేలు, అంటే అంకెలు వేసే పద్ధతి, సంగతి కూడా తెలుసుకోండి. వెక్స్‌లర్ స్కేలు మీద 130 వచ్చినా, క్యాటెల్ స్కేలు మీద 148 వచ్చినా ఒకటే స్థాయి. రెండూ 'వందలో పై ఇద్దరు' అనే చెబుతాయి. ఏ స్కేలో రాయని సర్టిఫికెట్ మీద 142 అని ఉంటే దాన్ని ఎలా చదవాలి?

ఇంకో చిక్కు భాష. తెలుగు మీడియం పిల్లాడికి ఇంగ్లిష్ పదాల మీద ప్రశ్నలు వేస్తే అక్కడ కొలిచింది చాలావరకు వాడి ఇంగ్లిష్‌నే. మాటలతో పని లేకుండా బొమ్మల వరసలో ఖాళీ పూరించే రావెన్ మ్యాట్రిసెస్ 1938లోనే వచ్చాయి. ఇప్పుడు సైట్లలో కనిపించే బొమ్మల పజిల్స్ చాలావరకు వాటిని చూసి చేసినవే. కానీ బొమ్మలు పోలినంత మాత్రాన పరీక్ష అయిపోదు.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి ఇలాంటి మొదటి పరీక్ష తయారు చేసింది, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి. తెలివి ఎప్పటికీ పెరగదనే వాదాన్ని బినే గట్టిగా ఖండించాడు కూడా. మీ వాడికి చదువులో నిజంగా ఏదైనా ఇబ్బంది కనిపిస్తే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మన పిల్లల కోసం మార్చిన బినే-కామత్, మాలిన్ పరీక్షలు ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నాడో, ఎక్కడ అలసిపోతున్నాడో గమనిస్తూ చేస్తారు. విశాఖలో అయితే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ముందు వాకబు చేయండి. ఇబ్బందేమీ లేకపోతే ఏ పరీక్షా వద్దు.

ప్రశ్న: ఐక్యూ రిపోర్టు కోసం 99 రూపాయలు కట్టాను. యాప్ తీసేశాక కూడా నెలనెలా 1,499 కట్ అవుతోంది. - ఒక ప్రైవేటు ఉద్యోగి, గాజువాక

జవాబు: యాప్ తీసేస్తే చందా ఆగదు. 99 కట్టేటప్పుడు 'ఆటోపే'కి కూడా మీరు ఓకే చెప్పి ఉంటారు. మీరు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ మాండేట్‌ను, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన అనుమతిని, రద్దు చేయండి. ప్లేస్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడి సబ్‌స్క్రిప్షన్స్‌లో, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు యాప్‌లో చూడండి. ఇలాంటి ఆటో డెబిట్‌కు 24 గంటల ముందే మెసేజ్ రావాలి. ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల మధ్య అది కొట్టుకుపోతుంది కాబట్టి ఓసారి వెనక్కి వెళ్లి వెతకండి. మోసం అనిపిస్తే బ్యాంకుకు చెప్పి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రంగు మారగానే తెర నొక్కే ఆటలో నా పాత ఫోన్‌లో నాకు 340 మిల్లీ సెకన్లు, తన కొత్త ఫోన్‌లో మనవడికి 270 వస్తున్నాయి. నా బుర్ర మందగించిందా? బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ కొనమంటారా? - రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జవాబు: మాస్టారూ, మీది పాత ఫోన్ అన్నారు, మనవడిది కొత్తది. అనుమానం ముందు ఫోన్ మీద పడాలి. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ దాదాపు 17 మిల్లీ సెకన్లకు ఒకసారి మారుతుంది, 120 హెర్ట్జ్ తెర మీద 8 మిల్లీ సెకన్లకు ఒకసారి. వేలి తాకిడిని ఫోన్ గుర్తించడానికి పట్టే టైము దీనికి అదనం. అది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. పాత ఫోన్‌లో వెనకాల నాలుగు యాప్‌లు నడుస్తుంటే ఇంకా ఆలస్యం. వయసుతో చేతి వేగం కొంత తగ్గడం కూడా మామూలే.

యాప్ కొనకండి. ఆడిన కొద్దీ ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, నిజమే. కానీ రోజువారీ జ్ఞాపకశక్తి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. వయసుతో వచ్చే మతిమరుపును తగ్గిస్తామంటూ ప్రచారం చేసుకున్న ల్యుమోసిటీ అనే బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ కంపెనీ, 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కేసులో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. తెలిసిన దారి మరిచిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం లాంటివి ఇంట్లోవాళ్లు గమనిస్తే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

ఈ ఆదివారం మనవడి ఫోన్ తీసుకుని ఇద్దరూ దాని మీదే చెరో పదిసార్లు ఆడండి. ఎవరికి వచ్చిన అంకెలను వాళ్లు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసుకుని, నడుమ ఉన్న రెండింటి సగటు పోల్చి చూడండి. ఎంతెంత వచ్చాయో నాకు రాయండి.