డాక్టర్ సలహా: పీట మీద నుంచి లేవలేకపోతున్నా, ఈ వయసులో కసరత్తులా?

ప్రశ్న: నా వయసు 58. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆరేళ్ల కిందటి దాకా సొంతంగా వ్యవసాయం చేశాను. తర్వాత పొలమంతా చేపల చెరువులకు లీజుకు ఇచ్చేశాను. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. షుగర్ లేదు. బరువు 72 కిలోలు, పదేళ్లుగా పెద్దగా మారలేదు. ఈమధ్య ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, పీట మీద నుంచి లేవబోయేసరికి కాళ్లు సహకరించలేదు. మా బావమరిది చెయ్యి పట్టుకుని లేపాడు. అందరూ నవ్వారు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి, ఇంకా నాలుగు నెలలే ఉంది. పీటల మీద ఎలా కూర్చోవాలా అని టెన్షన్‌గా ఉంది. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట నడుస్తాను. మా నాన్న ఏ కసరత్తూ చెయ్యకుండానే 84 ఏళ్లు బతికారు. ఈ వయసులో నాకు కసరత్తులు అవసరమా? కండబలానికి టీవీలో చూపించే పొడులు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ నాన్నగారి దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ మాట మా ఓపీలో వారానికి ఒక్కరైనా అంటారు. ఆయన కసరత్తు చెయ్యలేదంటే నేను ఒప్పుకోను. దానికి కసరత్తని పేరు పెట్టుకోలేదంతే. సార్వాకీ దాళ్వాకీ గట్లు చెక్కి ఉంటారు, మోకాలి లోతు దమ్ములో నడిచి ఉంటారు, నారు కట్టలు మోసి, 75 కిలోల ధాన్యం బస్తాకి భుజం పట్టి ఉంటారు. ఊళ్లో పనికైనా, పాలకొల్లు వెళ్లాలన్నా సైకిలే. భోజనం నేల మీద, ముచ్చట్లు గట్టు మీద గొంతుక్కూర్చుని. రోజుకి ఎన్నిసార్లు కూర్చుని లేచేవారో ఆయనకే లెక్క తెలియదు. మీ రోజులు వచ్చేసరికి దమ్ము ట్రాక్టరుకి, కోత మిషనుకి పోయాయి. పొలం లీజుకిచ్చాక మిగిలిన ఆ కాస్త పనీ పోయింది. ఇప్పుడు భోజనానికి టేబులు, కూర్చోడానికి సోఫా, సెంటరు దాకా వెళ్లడానికి బండి. కంచంలో అన్నం మాత్రం నాన్నగారి కొలతే.

మీ ఇబ్బంది మోకాళ్లలో కంటే తొడల్లో ఉందని నా అనుమానం. ముప్పై దాటాక మనిషి ఒంట్లో కండ పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. కండ కంటే బలం ముందే పోతుంది. ఇది ముదిరితే మేము సార్కోపీనియా అంటాం. మొదట సన్నబడేవి చురుగ్గా పనిచేసే కండ పోగులు. పీట మీద నుంచి ఒక్క ఊపున లేవాలన్నా, బాత్‌రూమ్‌లో కాలు జారితే పడకుండా నిలదొక్కుకోవాలన్నా అవే కావాలి. గట్టు మీద నిదానంగా నడిచే నడక వీటిని పెద్దగా కదిలించదు. అందుకే రోజూ నడుస్తున్నా మీకు లేవడం కష్టమైంది. నడక మానెయ్యమని కాదు, గుండెకీ బీపీకీ అది మంచి మందు. వారానికి కనీసం 150 నిమిషాలు, అదీ మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. మీ అరగంట నడకకు ఆ వేగం ఉంటే ఆ లెక్క సరిపోతుంది.

బరువు పదేళ్లుగా మారలేదని మీరు ధైర్యంగా రాశారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది అక్కడే. కండ పోయిన మేరకు కొవ్వు చేరితే కాటాకి తేడా తెలియదు. టేపుకి తెలుస్తుంది. బొడ్డు దగ్గర కొలవండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోవద్దు. పొట్ట కిందికి దించి కట్టుకునే ప్యాంటు ఎన్నేళ్లయినా 34 దగ్గరే ఉంటుంది! తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరినప్పుడు దాన్ని ఎక్కువగా లాక్కునేవి కండరాలే. అవి చిక్కిపోయి పొట్ట పెరిగితే షుగర్‌కి దారి వేసినట్టే. ఈసారి బీపీ చూపించుకున్నప్పుడు మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయించుకోండి.

ఇంకో సంగతి. అమెరికాలోని డల్లాస్‌లో 1966లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగుర్ని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగుర్ని మళ్లీ పిలిచి చూస్తే, ఆ ముప్పై ఏళ్లలో మీద పడ్డ వయసు వాళ్ల ఒంటి సత్తువని తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల పడక ఎక్కువ తగ్గించిందని తేలింది. ఇరవై ఏళ్ల వాళ్ల సంగతే అది. మన దగ్గర జ్వరం తగ్గి పది రోజులైనా ‘రెస్టు తీసుకోండి నాన్నా’ అని పెద్దాయన్ని మంచం దిగనివ్వరు. ప్రేమే, కాదనను. కానీ కండ నిల్వ లేని మనిషి అలాంటి పడక నుంచి లేచేసరికి చేతికర్ర పట్టుకుంటాడు. తుంటి ఎముక విరిగితే మరీ కష్టం. ఆడవాళ్లలో ఆ విరుపు ఎక్కువ, కానీ విరిగాక ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం మగవాళ్లకే ఎక్కువ.

పొడుల సంగతి. డబ్బా మీద కండలు తిరిగిన బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కొన్ని ‘బలం’ మందుల్లో స్టిరాయిడ్లు కలుపుతారు. వాటితో బీపీ, షుగర్ పెరుగుతాయి, చివరికి కండే కరుగుతుంది. మగ హార్మోన్ ఇంజెక్షన్లు కూడా పరీక్ష చేసి, లోపం ఉందని తేలితేనే. పొట్ట తగ్గితే ఆ హార్మోన్ దానంతటదే కొంత మెరుగవుతుంది. మీరు అడగలేదు గానీ, చాలామంది అడగలేక ఆగిపోతారు కాబట్టి రాస్తున్నాను: దాంపత్యంలో అంగస్తంభన తగ్గితే దాన్ని వయసు మీదకి నెట్టెయ్యకండి. గుండె రక్తనాళాల జబ్బుకి అది ముందస్తు గుర్తు కావచ్చు. డాక్టరుకి చెప్పాలి, మందుల షాపులో కాదు.

ఇక చెయ్యాల్సింది. గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లకి 14 కంటే తగ్గితే సగటు కంటే తక్కువ అంటాం. మీకు ఇంకా 58 కాబట్టి అంతకంటే తగ్గకూడదు. ఎంత వచ్చినా సరే, క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

ఆ పరీక్షే మీ కసరత్తు కూడా. పదేసి సార్లు లేచి కూర్చోవడం, రెండు నిమిషాలు ఆగడం, మళ్లీ పది. మొత్తం మూడు విడతలు. లేచేటప్పుడు గబుక్కున లేవండి, కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. కండ పెరగడానికి ఆ దిగడమే ఎక్కువ పని చేస్తుంది. ఊపిరి బిగబట్టొద్దు, మీకు బీపీ ఉంది. వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు. వాటితోపాటు గోడకి చేతులు ఆనించి ముందుకి వంగి వెనక్కి నెట్టుకోవడం, సగం నింపిన బకెట్లు రెండు చేతుల్లో పట్టుకుని వరండాలో నాలుగు తిరుగుళ్లు, బీరువా పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. జిమ్ము అక్కర్లేదు. మొదటి వారం తొడలు రెండు రోజులు పట్టేస్తాయి, భయపడొద్దు. కీలులో పొడిచినట్టు నొప్పి వచ్చినా, మోకాలు వాచినా మాత్రం ఆపి చూపించుకోండి.

నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, ఎడమ చేతిలోకో దవడలోకో లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఇవేవీ మొదలుపెట్టకముందే గుండె డాక్టర్ని కలవండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని సరిపెట్టుకోవద్దు.

తిండి విషయంలో మన డెల్టా వాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. దేశానికి చేపలు పంపిస్తాం, మన కంచంలో మాత్రం పెద్ద అన్నం గుట్ట పక్కన ఒక్క ముక్క. మీ బరువుకి రోజుకి 70 నుంచి 85 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 20కి దగ్గరగా ఉంటుంది. పొద్దున ఇడ్లీతో రెండు గుడ్లు, మధ్యాహ్నం చేప ముక్కలు రెండు మూడు, రాత్రి ముద్దపప్పు గట్టిగా, పెరుగు, మధ్యలో గుప్పెడు వేరుశనగలు లేదా ఉడికించిన శనగలు. అన్నం పావు వంతు తగ్గించండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం తమ డాక్టర్ని అడిగాకే ప్రొటీన్ పెంచాలి.

వయసు మించిపోయిందేమో అంటారా? 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్ల వాళ్లతో బరువులు ఎత్తించారు. ఎనిమిది వారాల్లో తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. మీరింకా 58 దగ్గరే ఉన్నారు.

పెళ్లికి నాలుగు నెలలు చాలా సమయం. మొదటి నెల కుర్చీ మీద నుంచి. రెండో నెల దానికంటే పొట్టి ముక్కాలి పీట. మూడో నెల చివరికి పూజ పీట, పక్కన మంచం కోడు అందుబాటులో పెట్టుకుని. లేచేటప్పుడు ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో పాదం ముందుకి వేసి, ఆ పాదం మీద బరువు మోపి లేవండి. చాలామంది రెండు కాళ్లూ ఒక్కసారి నెట్టబోయి వెనక్కి పడతారు. కన్యాదానానికి గంటల తరబడి మఠం వేసుక్కూర్చుంటే ఎంత బలమున్నా కాళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి, మధ్యమధ్యలో కాళ్లు మార్చుకోండి, లేచే ముందు పాదాలు నాలుగుసార్లు ఆడించండి. పురోహితుడు గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఆయన కూడా తొందరపెట్టరు.