ఆయిల్ ఛాంబర్ ఇంట్లోనే విప్పితే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగిని. ఆరేళ్ల కిందట కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ కారులోనే రోజూ ఆఫీసుకు వెళ్తాను. మొన్న ఊరి దారిలో రాయి తగిలి ఇంజిన్ కింది ఆయిల్ ఛాంబర్ సొట్టపడింది. ఆయిల్ చుక్కలుగా కారుతోంది. గ్యారేజీలో రూ.14,500 అవుతుందన్నారు: ఛాంబర్‌కు 5,200, ఆయిల్, ఫిల్టర్‌కు 3,400, సీలెంట్ వగైరాలకు 400, లేబర్ 5,500. ఎలాగూ ఆయిల్ మార్చే గడువు దగ్గరపడింది. నా దగ్గర స్పానర్ల సెట్టు, కారుతో వచ్చిన జాకీ ఉన్నాయి. ఇంకో రూ.4,800 పెట్టి కారును ఎత్తి నిలిపే స్టాండ్లు, బోల్టును ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచ్ కొని నేనే మార్చుకోవచ్చా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయడం మేలా? లేక రెండు నెలల్లో ఆఫీసు బోనస్ వచ్చేదాకా ఆయిల్ పోసుకుంటూ నడపనా? పాలసీలో సొంత నష్టం (నా కారుకే జరిగే నష్టం) ప్రీమియం రూ.7,000; అందులో ప్రస్తుతం 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) ఉంది, తరుగుదల కోత లేకుండా పరిహారమిచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్ లేదు. అత్యవసర నిధి రూ.60,000 ఉంది కానీ దాన్ని కదపడం ఇష్టం లేదు.

జవాబు: ముందుగా ఆఫీసు బోనస్ దాకా నడపాలనే ఆలోచనను దయచేసి మానుకోండి, ఎందుకంటే మీరు చెప్పిన మార్గాల్లో అన్నిటికంటే ఖరీదైనది అదే. ఛాంబర్ అడుగుకు కాస్త పైన ఆయిల్‌ను పంపుకు అందించే జాలీ ఉంటుంది. సొట్ట లోపలికి పోయి ఆ జాలీకి ఆనుకుంటే, డిప్‌స్టిక్ మీద మట్టం సరిగ్గానే కనిపిస్తున్నా, బేరింగులకు చేరాల్సిన ఆయిల్ చేరదు. రాయి తగిలి ఛాంబర్ దెబ్బతినడం ప్రమాదం కిందికి వస్తుంది కాబట్టి పాలసీ వర్తిస్తుంది; కానీ ఆయిల్ కారుతోందని తెలిసీ నడిపినందువల్ల ఇంజిన్ సీజ్ అయితే (లోపల పట్టేసి ఆగిపోతే), దాన్ని పర్యవసాన నష్టంగా లెక్కగట్టి సాధారణ పాలసీలో పరిహారం ఇవ్వరు. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోకపోతే ఆ భారమంతా మీదే. కాబట్టి మరమ్మతు అయ్యేదాకా కారు నడపకండి. గ్యారేజీకి కూడా టోయింగ్ మీదే పంపించండి.

ఇక బిల్లును విడదీసి చూద్దాం. రూ.14,500లో ఆయిల్, ఫిల్టర్‌కు అయ్యే రూ.3,400 ఎలాగూ త్వరలో పెట్టబోయే ఖర్చే. ఛాంబర్, సీలెంట్ ఎవరు బిగించినా కొనక తప్పదు. ఇంట్లో చేసుకుంటే మిగిలేది లేబర్ రూ.5,500 మాత్రమే, అందులో పనిముట్లకు రూ.4,800 పోతే ఈసారికి చేతిలో మిగిలేది రూ.700. ఇకపై ఆయిల్ మార్పు, బ్రేక్ ప్యాడ్లు వంటి పనులు మీరే చేసుకునే అలవాటు ఉంటే ఆ పనిముట్ల ఖర్చు క్రమంగా తిరిగి వస్తుంది. కానీ కారు కిందికి వెళ్లి చేసే మొదటి పనే ఇదయితే, రూ.700 కోసం ఆ ప్రయోగానికి దిగమని నేను చెప్పలేను.

నా సంకోచానికి కారణం ఆ పని తీరులోనే ఉంది. చాలా కార్లలో సైలెన్సర్ పైపునో, కింది అడ్డదూలాన్నో వదులు చేయనిదే ఛాంబర్ బయటికి రాదు. బోల్టులన్నీ విప్పినా పాత సీలెంట్ దాన్ని గట్టిగా పట్టుకునే ఉంటుంది. తొందరపడి స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే అల్యూమినియం అంచు మీద గీత పడుతుంది, తర్వాత ఎంత సీలెంట్ పూసినా అక్కడినుంచే కారుతుంది. ఛాంబర్ తీసిన తర్వాత కూడా ఇంజిన్ లోపలినుంచి గంటల తరబడి ఆయిల్ చుక్కలు పడుతూనే ఉంటాయి, తడి అంచుకు సీలెంట్ అతకదు. సీలెంట్ పూర్తిగా ఆరడానికి కొన్ని రకాలకు 24 గంటలు పడుతుంది. ఆ చిన్న బోల్టులను అతిగా బిగిస్తే మర కొట్టుకుపోతుంది. దాన్ని లేత్ పనివారి చేత మళ్లీ వేయించాల్సి వస్తే మీరు ఆదా చేశామనుకున్న లేబర్ అంతా అక్కడే కరిగిపోతుంది. ఇవన్నీ తెలిసీ చేయదలచుకుంటే ఒక్క మాట మాత్రం తప్పక పాటించండి: కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే గానీ, దాని మీద ఆపిన కారు కిందికి మనిషి వెళ్లడానికి కాదు. ఇటుకలు, చెక్క దిమ్మెలు అసలే పనికిరావు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, డబ్బాలో పట్టి అధీకృత రీసైక్లర్లకు పంపే సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి.

క్లెయిమ్ సంగతి లెక్క వేస్తేనే తేలుతుంది. మీ కారు వయసుకు లోహపు భాగాల మీద 40 శాతం తరుగుదల తీసేస్తారు, అంటే ఛాంబర్‌కు రూ.3,120 వస్తుంది, లేబర్ రూ.5,500 కలుపుకోండి. ఆయిల్, ఫిల్టర్, సీలెంట్ వంటి వాటికి కన్స్యూమబుల్స్ కవర్ లేనిదే ఇవ్వరు. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి మినహాయింపు (క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన వాటా) రూ.1,000 పోగా మీకు అందేది రూ.7,620. మరోవైపు, క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌లో మీ నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరుతుంది. చేస్తే సున్నాకు పడిపోయి, 20, 25, 35, 45 శాతాల మెట్లు మళ్లీ ఎక్కాలి. ప్రీమియం రూ.7,000 దగ్గరే ఉంటుందనుకుంటే ఆ అయిదేళ్లలో మీరు అదనంగా కట్టేది రూ.8,750, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.10,325. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కొంత తగ్గవచ్చు గానీ, రూ.7,620 కోసం క్లెయిమ్ చేయడం ఈ సందర్భంలో లాభసాటి కాదు. అయినా క్లెయిమే చేయాలనుకుంటే మాత్రం, బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకండి. ముందే విప్పేస్తే దెబ్బ ఎలా తగిలిందో నిరూపించడం కష్టమవుతుంది.

మీకు నేను సూచించేది గ్యారేజీలోనే చేయించుకోవడం. ఛాంబర్, ఆయిల్ మీరే కొని తెస్తే లేబర్ ఎంత తీసుకుంటారని నమ్మకమైన మరో ఇద్దరు మెకానిక్కులను అడగండి. అడ్డదూలం దించాలా వద్దా అన్నది కూడా అడిగితే, వారు చెప్పిన ధరలో తేడా ఎందుకో అర్థమవుతుంది. డబ్బు అత్యవసర నిధి నుంచే తీయండి. ఆ నిధిని కాపాడుకోవాలన్న మీ పట్టుదల మంచిదే, అయితే ఉద్యోగానికి వెళ్లే వాహనం ఆగిపోవడం సరిగ్గా ఆ నిధి ఉద్దేశించిన అవసరమే. దాన్ని ముట్టుకోకుండా క్రెడిట్ కార్డు బకాయి పెట్టుకుంటే నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది. రూ.14,500 తీసినా ఇంకా రూ.45,500 ఉంటుంది, ఆఫీసు బోనస్ రాగానే నింపేయండి, అది ఆలస్యమైతే నెలకు రూ.2,500 చొప్పున ఆరు నెలల్లో పూడుతుంది. ఆ తర్వాత సర్వీసు, ఇన్సూరెన్స్, టైర్ల కోసం నెలకు కొంత మొత్తంతో విడిగా రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి.

కారు తీసుకునేటప్పుడు బిల్లులో విడిభాగాలు, లేబర్ వేర్వేరుగా రాయించుకుని, లీకేజీ మళ్లీ వస్తే ఎన్ని రోజుల్లోపు ఉచితంగా చేస్తారో అందులోనే రాసివ్వమని అడగండి. పాత ఛాంబర్‌ను కూడా చూపించమనండి. సొట్ట లోపలి జాలీదాకా పోయిందో లేదో దాన్ని చూస్తే ఒక అంచనాకు రావచ్చు.