స్కిడ్ స్టీర్ లోడర్ కంట్రోల్ వాల్వ్ లీకైతే సీల్ కిట్ వేస్తే సరిపోతుందా?

వాల్వ్ నుంచి ఆయిల్ బయటికి కారుతుంటే సీల్ కిట్ సరిపోతుంది, కానీ లోపల స్పూల్ (లివర్ కదిపితే వాల్వ్‌లో ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప కడ్డీ) అరిగి లీకవుతుంటే ఎన్ని సీల్స్ మార్చినా ఆగదు.

ఎందుకంటే వాల్వ్‌లో ప్రెషర్‌ని అసలు ఆపేది రబ్బరు కాదు. స్పూల్‌కీ, అది జరిగే రంధ్రానికీ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే, ఆ ఇనుము-ఇనుము బిగుతే ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది. ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు సీల్స్, స్పూల్ చివర్లలో, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే వదిలేసేది) దగ్గర, ముక్కలుగా బిగించే రకమైతే ఆ ముక్కల మధ్య ఉంటాయి. వాటి పని ఆయిల్ బయటికి రాకుండా చూడటం.

ఉదాహరణకి లివర్ దగ్గర తడిగా ఉండి చుక్కలు పడుతుంటే అది స్పూల్ చివరి సీల్. విప్పేముందు ఆర్మ్స్ (బకెట్‌ని ఎత్తే చేతులు) కిందికి దించి, ఇంజన్ ఆపి, మాన్యువల్‌లో చెప్పినట్టు లైన్లలో ప్రెషర్ వదిలేయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఏ స్పూల్ ఏ రంధ్రంలోంచి తీశారో గుర్తు పెట్టుకుని మళ్ళీ అందులోనే, అదే దిశలో పెట్టాలి, ఎందుకంటే చాలా వాల్వుల్లో స్పూల్‌ని దాని రంధ్రానికి సరిపోయేలా జతచేసి ఇస్తారు. గీతలు పడ్డాయని ఎమెరీ పేపర్‌తో రుద్దితే ఖాళీ ఇంకా పెరుగుతుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, లివర్ న్యూట్రల్‌లో ఉన్నా ఆర్మ్స్ మెల్లగా దిగిపోతుంటే ఓ-రింగులు పోయాయనుకుని కిట్ కొనేస్తారు. కారణం అరిగిన స్పూలో, సిలిండర్‌కి వెళ్ళే లైన్‌కుండే రిలీఫ్ వాల్వ్, అంటే పోర్ట్ రిలీఫ్‌లో ఇరుక్కున్న చెత్తో, సిలిండర్ పిస్టన్ సీలో కావచ్చు. స్పూల్, రంధ్రం అరిగాయని తేలితే వాల్వ్ బ్లాకో, ఆ సెక్షనో మార్చాల్సిందే.