పద్దెనిమిది నిండేలోపు ఆమె చేతికి ఏమివ్వాలి?

గుంటూరు నుంచి ఒక అక్క అడిగారు: ఫోస్టర్ కేర్ (సొంతవాళ్లు చూసుకోలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబంలో ఉంచి పెంచే పద్ధతి) కింద తమ ఇంట్లో పెరుగుతున్న అమ్మాయికి 17 నిండాయి, ఇంటర్ చదువుతోంది, రేపు తన కాళ్ల మీద తాను నిలబడాలంటే ఇప్పటి నుంచి ఏం నేర్పాలి అని.

అక్కా, నేను విజయవాడలో ఒక పిల్లల హోమ్‌లో పెరిగాను. ఇప్పుడు సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వంట గురించి బెంగ పెట్టుకోకండి, ఆకలేస్తే అదే వస్తుంది. మాకు రానిది వేరే. గంట కొడితే లేచేవాళ్లం, గంట కొడితే తినేవాళ్లం. సబ్బు అయిపోతే ఇంకోటి ఇచ్చేవాళ్లు, ధరెంతో తెలీదు. బయటికొచ్చాక చెప్పులు కొనాలన్నా ఎవర్ని అడగాలా అని చూసేదాన్ని. మీ ఇంట్లో గంట లేకపోవచ్చు. కానీ ప్రేమకొద్దీ అన్నీ మీరే చేసిపెడితే జరిగేది అదే. రీచార్జి, బస్ పాస్, షాంపూ, బట్టలు, వీటి డబ్బు నెల మొదట్లోనే ఆమె చేతికిచ్చేయండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే మళ్లీ ఇవ్వకండి. తిండి మీ ఇంట్లోనే ఉందిగా.

కాగితాలు కూడా ఆమె దగ్గరే ఉండాలి. హోమ్‌లో తీసిన ఆధార్ అయితే ఏ ఫోన్ నంబరు ఇచ్చారో చూడండి, ఓటీపీ ఎవరికో పోతుంటే ఏ పనీ కాదు. టెన్త్ మెమోలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. మైనర్ ఖాతా ఉంటే 18 నిండగానే కేవైసీ, కొత్త సంతకం ఇచ్చి మార్పించుకోవాలి. బ్యాంకుకు తోడు వెళ్లండి, మాట్లాడేది మాత్రం ఆమె.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్‌లో 18 దాటినవాళ్లకు ఆర్థిక సాయం గురించి ఉంది. ఆఫ్టర్‌కేర్ అంటారు. మామూలుగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు. అయితే ఆ సెక్షన్ చెప్పేది హోమ్‌ల నుంచి బయటికొచ్చేవాళ్ల గురించి. మీ అమ్మాయి కుటుంబంలో ఉంది కాబట్టి, ఆమెకూ వస్తుందో లేదో డీసీపీయూ (జిల్లా బాలల సంరక్షణ విభాగం) ఆఫీసులో ఇప్పుడే అర్జీ పెట్టి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట పనికిరాదు.

అన్నిటికంటే నేను నలిగింది ఇల్లు వెతుక్కునేటప్పుడు. "అమ్మానాన్న ఏం చేస్తారు? ఏ ఊరు? మీరేమిట్లు?" ఓనర్లు వరసగా అడుగుతారు. ఏం చెప్పాలనుకుంటోందో ముందే ఆమెతో కూర్చుని మాట్లాడండి. కథంతా చెప్పక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు. నేను "గుణదలలో పెరిగాను, మా మేడమ్ గార్డియన్" అంటాను. ఇంకా లాగితే అడ్వాన్స్ ఎంతో అడుగుతాను.

18 నిండాయిగా, పెళ్లి చేసేస్తే మీ బాధ్యత తీరిపోతుందని మీ చుట్టాల్లోనే ఎవరో ఒకరు అంటారు. వినకండి, చదువు పూర్తి కానివ్వండి. ఉద్యోగం రాగానే ఎన్నడూ కనబడని మేనమామ కూడా చేబదులు కోసం ప్రత్యక్షమవుతాడు. "నా దగ్గర లేవు మామయ్యా" అనడం ఇంట్లోనే అలవాటు చేయించండి. షూరిటీ సంతకాలు అసలే వద్దు.

ఇంకోటి. సంక్రాంతికి లేడీస్ హాస్టల్ ఖాళీ అవుతుంది, మెస్ మూసేస్తారు. ఎక్కడికెళ్లాలో తెలీక నేను పండగ డ్యూటీలు అడిగి మరీ వేయించుకునేదాన్ని. మీ ఇంటికి ఎప్పుడైనా రావచ్చని మీ మనసులో ఉంటే ఆమెకెలా తెలుస్తుంది? నోటితో చెప్పండి. అయినా మొహమాటపడుతుంది, అందుకని పండక్కి వారం ముందే మీరే ఫోన్ చేసి ఏ బస్సుకు వస్తోందో అడగండి.