డిగ్రీ పూర్తయిన బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ ఏ కాలేజీకి మారితే మంచిది?

పేరున్న జట్టుకన్నా ఖాళీ ఉన్న జట్టు ముఖ్యం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి ఆట నడిపించే ఈ క్వార్టర్‌బ్యాక్ స్థానం ఒక్కరిదే, మిగతావాళ్లు బ్యాకప్‌లుగా బెంచీ మీదే. అందుకే స్టార్టర్ (ఆ స్థానంలో ఆడుతున్నవాడు) వెళ్లిపోతున్నాడా, అతని వెనకున్న కుర్రాళ్లకు మ్యాచ్ అనుభవం ఉందా అన్నది ముందు చూడాలి.

జో బర్రోనే తీసుకోండి. ఒహాయో స్టేట్‌లో బ్యాకప్‌గా ఉంటూ మూడేళ్లలో డిగ్రీ ముగించి, 2018లో ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాడు. అక్కడి స్టార్టర్ డానీ ఎట్లింగ్ అప్పటికే వెళ్లిపోయాడు. మొదటి ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లే (స్కోరు తెచ్చిన పాస్‌లు). 2019 సీజన్‌లో 60, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, జాతీయ టైటిల్! కాలేజీ జట్టులో ఆడటానికి రెండు సీజన్ల అర్హత మిగిలి ఉండటమే అతన్ని నిలబెట్టింది.

ఒక్క సీజనే మిగిలితే కొత్త ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) నేర్చుకునే వ్యవధి ఉండదు. అలాంటివాడు తనకు అలవాటైన పద్ధతిలో ఆడించే కోచ్ దగ్గరికి, లేదా స్కూల్లో ఉన్నప్పుడు తనను కోరుకున్న కోచ్ ఇప్పుడున్న చోటికి వెళ్లాలి. జనవరిలోనే చేరాలి, వేసవిలో చేరితే స్ప్రింగ్ ప్రాక్టీస్ మొత్తం పోతుంది. పెద్ద జట్లలో స్టార్టర్ ఖాళీ లేకపోతే దాని కింది మెట్టయిన ఎఫ్‌సీఎస్ స్థాయికి దిగడం నామోషీ కాదు, చూపించుకోవడానికి అక్కడ ఆడిన వీడియో అయినా ఉంటుంది. పీజీ కోర్సులో సీటు సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి.