వాటికన్ పౌరుడిని పెళ్లి చేసుకుంటే అక్కడి పౌరసత్వం వస్తుందా?

పెళ్లి ఒక్కదానితోనే రాదు. అనుమతితో వాటికన్‌లోనే కలిసి నివసిస్తే దొరకొచ్చు, అదీ శాశ్వతం కాదు.

కారణమేంటంటే, అక్కడ పౌరసత్వానికి మూలం పుట్టుకా కాదు, వంశమూ కాదు. చేసే పని, అక్కడి నివాసం. వాటికన్‌లోనో రోమ్‌లోనో ఉండే కార్డినల్స్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారులు), పోప్ దౌత్యవేత్తలు, స్విస్ గార్డులు (పోప్ రక్షణ దళం) లాంటివాళ్లకు పదవితో పాటు వస్తుంది, పదవితో పాటే పోతుంది. ఒకరకంగా ఆఫీసు ఐడీ కార్డు లాంటిదే! భార్యాపిల్లలకు వచ్చేది ఆ ఉద్యోగి ద్వారానే కాబట్టి, అతని హక్కు పోతే వాళ్లదీ పోతుంది.

ఉదాహరణకు, ఒక స్విస్ గార్డు ఇటలీ అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఇద్దరూ వాటికన్‌లో ఉంటున్నారనుకుందాం. అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోతే ఇద్దరి వాటికన్ పౌరసత్వమూ ముగుస్తుంది. అయినా టెన్షన్ ఏమీ లేదు. అతను స్విస్ పౌరుడిగా, ఆమె ఇటలీ పౌరురాలిగా కొనసాగుతారు.

వేరే దేశ పౌరసత్వం లేనివాళ్ల గతేంటి? వాటికన్‌ను దేశంగా ఏర్పరచిన, ఇటలీతో కుదిరిన 1929 నాటి లాటరన్ ఒప్పందం దీన్ని ముందే ఊహించింది: అలాంటివాళ్లను ఇటలీ తన పౌరులుగా పరిగణిస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. వాటికన్ గడ్డమీద పుడితే చాలు, పౌరసత్వం వచ్చేస్తుందనుకుంటారు. అలా రాదు.